ఒక్క మాట

చేపలుప్పాడ ఇసుకలో షామియానా కింద
మూడు ప్లాస్టిక్ బల్లలు, ఒక బీపీ మిషను,
నార్వే నుంచొచ్చిన సున్నీవా,
ఆవిడ మాటకీ వీళ్ళ మాటకీ నడుమ
నర్సింగు రెండో ఏడు చదివే నేను.

"నొప్పి ఒకటి నుంచి పదిలో ఎంత?"
మైలపల్లి దానయ్యమ్మ నావేపు చూసి నవ్వింది.
"నొప్పికి లెక్కలేటమ్మా.
గంప దించినప్పుడు తెలుస్తాది, ఎత్తినప్పుడు తెల్దు."
నేను ఏడు అన్నాను.
సున్నీవా ఏడు రాసుకుంది.

ఆవిడ మెడంతా ఎండకి కమిలిపోయింది.
అయినా ఉప్పుకి పగిలిన ఆ పాదాన్ని
ఎంత మెత్తగా పట్టుకుందో.
అది అబద్ధం కాదు. అదీ చెప్పాలి.

బీపీకి ముప్పై మాత్రలు. పొద్దున్నే ఒకటి.
"అయిపోతే?"
అడిగాను.
బహుశా వచ్చే ఏడు, డబ్బులు సమకూరితే, అంది.
దానయ్యమ్మ నా నోటికేసే చూస్తోంది.
బహుశాని ఆ వాడలో ఏమంటారో
నాకు తట్టలేదు.
"వస్తారు" అన్నాను.

సాయంత్రం షామియానా విప్పేశారు.
గుంజలు పీకిన గుంతల్లో పీతలు దూరాయి.
900కె బస్సులో కిటికీ పక్కన సున్నీవా నిద్రపోయింది,
ఒళ్ళో ఎవరో ఇచ్చిన ఎండు నెత్తళ్ళ పొట్లం.

మొన్న ఆషాఢంలో
పూర్ణా మార్కెట్ దగ్గర గంప దించి
దానయ్యమ్మే నన్ను పోల్చుకుంది.
కొంగుముడి విప్పింది. అట్టలో రెండు మాత్రలు.
"మరీ బాగులేనప్పుడికని దాసినాను.
ఆయమ్మ ఒచ్చీదాకా సరిపోతాయి కదేటి?"

అట్ట తిప్పి తేదీ చదివాను.
ఈసారి మా ఇద్దరి నడుమా
వేరే భాష ఏదీ లేదు.