సున్నం రాళ్ళు

గోల్వే ఆసుపత్రి, మూడో అంతస్తు.
తలుపు మూస్తూ నర్సు నోలైగ్ చెప్పింది:
"నలభై నిమిషాలు చీకట్లో కూర్చో, డెర్వ్లా.
కళ్ళు నిండనీ."

ఊట చెలమలా నిండుతాయట కళ్ళు.
లోపలి కణాల్లో గులాబి వన్నె ఒకటి ఉంటుందట,
రోడాప్సిన్.
వెలుగు తగిలితే వెలిసిపోతుంది,
చీకటి దొరికితే మళ్ళీ రంగెక్కుతుంది.
దాని మధ్యలో
గాలంలా వంగిన చిన్న ముక్క.
ఏ నక్షత్రం నుంచో ఒక్క రేణువు వచ్చి తాకితే చాలు,
గాలం నిటారవుతుంది.
చూపుకి అదే మొదటి మాట.

గాలం అనగానే నాన్న.

పీతల బుట్టలు లాగడంలో రేవంతటికీ మొనగాడు,
పొద్దు వాలకముందే పడవ తిప్పేసేవాడు.
పెళ్ళి విందుల్లో వాళ్ళు ఫిడేలు అందుకునేలోపు
తను టోపీ అందుకునేవాడు.
పిసినారి అన్నారు. పెళ్ళాం అంటే భయం అన్నారు.
నానమ్మ మాత్రం ఏమీ అనకుండా
ఒక చలికాలమంతా కాడ్ చేప కార్జం తినిపించింది.
తిండి చాలక వచ్చే రేచీకటికి అది మందే.
మాది ఆకలి పని కాదు.
మూడు వందల నలభై ఎనిమిది పూసల దండలో
ఒక్క పూస మారింది.
దండ మెలిపడి
చేరాల్సిన చోటికి చేరక
కణంలోనే చిక్కుకుని, చివరికి కణాన్నే తినేస్తుంది.

ఏటా జూన్‌లో
రేవు నుంచి ఇంటిదాకా దారి పక్క రాళ్ళకి
సున్నం కొట్టేవాడు నాన్న.
నూట పన్నెండు రాళ్ళు. బకెట్ నేను మోసేదాన్ని.
"అందంగా ఉంటుంది" అనేవాడు.
నమ్మాను.
తర్వాతి ఏళ్ళలో రెండు పూతలు. ఆపైన మూడు.
అప్పుడూ నమ్మాను.

ఎర్ర దీపం పట్టుకుని నోలైగ్ వచ్చింది.
"మెరుపు కనిపిస్తే బటన్ నొక్కు."
నొక్కాను. నొక్కాను.
ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
మెరుపు రాలేదో,
వచ్చి నన్ను దాటి వెళ్ళిపోయిందో.

రక్తపరీక్ష కాగితం రావడానికి ఆరు వారాలట.
సగానికి సగం, నాణెం ఎగరేసినట్టు.
బస్సు దిగి మల్‌రయన్ కొట్లో
సున్నం సంచి అడిగాను.
"ఇంకా ఫిబ్రవరే కదమ్మా" అన్నాడాయన,
అరల వెనక వెతుకుతూ.

ఔను, ఫిబ్రవరే.
బయట ఐదున్నరకే మసకేస్తోంది.
సంచి భుజానికెత్తుకుని
ఎక్కడో ఫిడేలు మొదలవబోతున్నట్టు
గబగబా నడిచాను.