అడుగుల లెక్క

వల్పరైసో కొండమెట్ల మీద
ముప్పై ఎనిమిదేళ్లు ఉత్తరాలు మోశాడు ఎలూతేరియో.
ఇప్పుడు మణికట్టుకు స్మార్ట్ వాచీ,
మనవరాలు ఫ్లోరిందా కట్టిపోయింది.

రాత్రి తొమ్మిదింటికి అది వణికి చెప్పింది:
"ఈరోజు ఎనిమిది వందల అడుగులే. కాస్త కదలండి."

నీకేం తెలుసే, అన్నాడు,
నిన్నగాక మొన్న పుట్టినదానివి!

పచ్చగోడ మలుపులో పదిహేడో మెట్టు వదులని
మోకాలికి తెలుసు, దానికి తెలీదు.
చావు కబురు తంతి చేతికిచ్చి
వాళ్లు తలుపేసుకున్నాక కూడా
దిగలేక నిలబడ్డ ఆ అరగంట
ఏ ఖాతాలో రాస్తుంది?

అయినా విప్పి పారెయ్యలేదు.
దీపం ఆర్పేముందు
మంచం చుట్టూ ఇంకో రెండుసార్లు తిరిగాడు.

పిల్ల తన ఫోన్లో చూస్తుందట.