ఇరవై ఏడు కింద పందొమ్మిది

మేం కింది డివిజనుకు జారిన పదో రోజు
స్టాండు కింద గదిలో ధరల మీటింగు.
కార్పెట్‌లో ఇంకా పోయిన సీజను బీరు వాసన.
ప్లేటులో బిస్కెట్లు, చాక్లెట్ పూత లేనివి.
పొదుపు అప్పటికే మొదలైపోయింది.

ఛైర్మన్ క్లెగ్ గొంతు సవరించుకున్నాడు.
టీవీ డబ్బు పోయింది,
జీతాలు ఒప్పందం ప్రకారం సగానికి దిగుతాయి,
దిగనివాళ్ళు ఏజెంట్లతో ఫోన్లో ఉన్నారు,
మనకు మిగిలింది గేటు.
గేటంటే ఇనప చువ్వలనుకునేరు,
లాంకషైర్ వానలో నిలబడే ఆరువేల చిల్లర మంది.

ధర తగ్గిస్తే
మనల్ని మనమే చులకన చేసుకున్నట్టు
అన్నాడు మార్కెటింగ్ కుర్రాడు,
టై మీద మా క్లబ్బు గుర్తు తలకిందులుగా పెట్టుకుని.
అభిమానుల తరఫున వచ్చిన నోరీన్ అంది:
పుండు మీద కారం చల్లారు సరే,
కారానికి కూడా బిల్లు పంపుతారా?

పెద్ద జట్లొస్తే ఏ తరగతి ధర, లేకపోతే బి.
ఇకనుంచి అన్నీ బి-లే అన్నారెవరో.
ఎవరూ నవ్వలేదు.
రాబోయే జట్ల ఊళ్ళ పేర్లు
మ్యాపులో వెతికి చూసుకున్నాన్నేను.
సీజనంతా బూతులు తిన్న ఆ గోల్‌కీపర్నే
అంతలోకే మెచ్చుకుంటున్నారు,
చచ్చినదాని కళ్ళు చారెడు.

గంటన్నరకి రెండు పౌండ్లు తగ్గాయి.
మాంసం పై మీద అరవై పెన్నీలు పెరిగాయి.
తగ్గింది కింద రాశారు,
పెరిగింది పై మీద.

మర్నాడు మూడో కిటికీ దగ్గర
చాకుతో బోర్డు గీకడం నా పని.
ఇరవై ఏడు ఊడితే కింద ఇరవై నాలుగు,
దాని కింద ఇరవై రెండు,
దాని కింద, నీలం వెలిసి, పందొమ్మిది.
ఎక్కిన ప్రతి మెట్టుకీ ఒక పొర అంటించారు,
దిగేటప్పుడు మాత్రం సగం మెట్టు.

ఆ పందొమ్మిది నాకు తెలుసు.
ఈ ఊళ్ళో నా మొదటి చలికాలం,
మూతబడ్డ నూలు మిల్లు వెనక అద్దెగది,
శుక్రవారం సాయంత్రం నుంచీ
ఎవరితోనూ ఒక్క మాట లేదు.
శనివారం అరుపులు వినబడ్డ వైపు నడిచాను.
ఇదే కిటికీ, నేను అటుపక్క.
ఎవరెవరికి ఆటో కూడా అడక్కుండా
చేతిలో ఉన్నవి ఇచ్చేశాను.
పౌండు వెనక్కిచ్చి, స్కార్ఫ్ లేదా అని కసిరింది లోపలావిడ.

ఇరవై ఐదు అంటించాను.
కాస్త వంకరగా పడింది.
ఐదు పొట్ట కింద తొమ్మిది తోక కొంచెం మిగిలింది.
సరిచేయలేదు.

ఆగస్టు. మొదటి మ్యాచ్.
విన్నీ ఎంట్విసిల్, డెబ్బై నాలుగేళ్ళు,
పిప్పరమెంటు డబ్బాలో లెక్కపెట్టిన నాణేలు.
వృద్ధుల రాయితీ ఈసారి వద్దంది.
ఓడిన ఏడాది రాయితీ పుచ్చుకోవడం
మర్యాద కాదట.
డబ్బాలో ఇరవై ఏడున్నాయి,
తగ్గించారని ఎవరూ చెప్పలేదామెకి.
రెండు నాణేలు వెనక్కి తోశాను.
బోర్డు వంక చూసి,
ఆ తోక తొమ్మిదిది కదా లవ్, అంది.
అవునన్నాను.
ఆ ఏడు పెనాల్టీ పోగొట్టిన ఎర్రజుట్టువాడి పేరు
ఇద్దరికీ గుర్తురాలేదు.
వెనక క్యూ గొణుగుతోంది.
ఆ రెండు నాణేలూ పై మీద పెడతానని వెళ్ళింది.

మూడు దాటాక షట్టరు దించాను.
ఆరేళ్ళుగా ఇక్కడ కూర్చుంటున్నదాన్ని,
అరుపు వింటే చెప్పగలను, కొట్టామో తిన్నామో.
ఇవాళ ఒకటి లేచింది, మధ్యలో విరిగింది,
మళ్ళీ లేచింది.
ఏమిటో పోల్చుకోలేకపోయాను.
చిల్లర లెక్క తప్పింది.
మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టాను.