తొలిచూలు ఒక్కపొద్దు

పస్కా పండుగ ముందటి దినం మా అన్న రూబేను
పొద్దు పొడవక ముందే లేచి
నీళ్లు పుక్కిలించి ఊస్తడు. మింగడు.
చండూరు బస్టాండు వెనుక
సెల్‌ఫోన్లు బాగుచేసే డబ్బా కొట్టు వానిది.
కూసుండే పని. నిలబడే పనికి వాని కాళ్లు ఒప్పుకోవు.

చాయ్ పిల్లగాడు గ్లాసు పెట్టబోతే
అరచెయ్యి అడ్డం పెడ్తడు.
"ఏ దేవునికన్నా ఒక్కపొద్దు? శనివారం గూడ కాదు గద?"
"తొలిచూలోల్లది రా. నువ్వు నడిమోనివి, నీకు తెల్వదు."
అంతే. మళ్ల స్క్రూడ్రైవర్ కంటి కాడికి.

మా ఇంట్ల ఇట్ల చెప్పుకుంటం:
ఐగుప్తుల ఒక రాత్రి
ఇంటింటి పెద్దకొడుకు సచ్చిండు,
కొట్టంల తొలి దూడ సుత.
మనోల్ల గడపలకు నెత్తురు పూసి ఉండె,
చావు చూసి దాటిపోయింది.
దాటిపోయినందుకు
తొలిచూలోల్లు ఆ పొద్దు కడుపు మాడ్చుకోవాలె.

పసిపిల్లగాడు ఉండలేడు గద,
వాని బదులు నాయిన ఉండాలె.
మా నాయిన సుత తొలిచూలే,
ఆయన ఆకలి ఆయనకే సరి.
అందుకని అవ్వ ఉన్నది, పదమూడేండ్లు,
ఏడాదికొక్క దినం, వాని పేరు మీద,
మంచినీళ్లు ముట్టకుండ.

మిగిలిన దినాలన్నీ
బోరింగు కాడ లైన్ల నిలబడి
కొట్టి కొట్టి
వానికి తాగనీకి తెచ్చింది.
ఆ నీళ్లనే మేం మంచినీళ్లన్నం.

మా కాడికి అది అర్ధరాత్రి రాలేదు.
పొద్దుగాల వచ్చింది, అవ్వ నెత్తి మీద,
తోమిన ఇత్తడి బిందెల, తళతళ మెరుసుకుంట.
గడపకు ఏం పూస్తే ఏంది,
బిందెకు ఎవరు అడ్డం చెప్తరు?

ముందు పండ్ల మీద పసుపు గీతలు.
తర్వాత మోకాళ్లు ఒకదాన్నొకటి చూసుకున్నయి.
పదిహేనో ఏట నడుము కొడవలి.
డాక్టరు బొక్కల ఫోటో ఎండకు పట్టి
ఫ్లోరైడన్నడు.
అవ్వకు ఆ మాట ఇప్పటికీ నోరు తిరగదు.
తిప్పదేమో.

నేను పదకొండేండ్ల తర్వాత పుట్టిన.
అదే ఏడు నల్లాలకు కిష్ణ నీళ్లొచ్చినయి.
నా కాళ్లు తాటిమొద్దుల లెక్క నిటారు.
దాటిపోయింది నన్ను.
ఒక్కపొద్దుండేది వాడు.

ఒకపారి బండి మీద నల్లగొండకు తోలుకపోతుంటే అడిగిన:
"నిన్నేం దాటిందే అన్నా? నీ నడుం మీదికెల్లే పోయింది గద."
కనగల్లు దాటేదాక ఏం మాట్లాడలేదు.
తర్వాత, "గేరు మార్చు, ఎక్కుడున్నది," అన్నడు.

నిరుడు వానికి కిడ్నీల నొప్పి.
నీళ్లు మానొద్దన్నరు. మానిండు.
అప్పుడు దొర్కింది నాకు
నాయిన పాత కాయితాల్ల ఒక వెసులుబాటు:
ఆ పొద్దుగాల ఎవరన్న ఒక చదువు ఆఖరుదాక ముగిస్తే
అది పండుగ కింద లెక్క.
కూసోని విన్న తొలిచూలోల్లు గూడ తినొచ్చు.

మా ఎనిమిదిండ్లల్ల గురువు లేడు.
పత్తి మిల్లుల రాత్రి డ్యూటీ దిగి
దూది అంటిన వేలు కుడికెల్లి ఎడమకు జరుపుకుంట
సన్నటి పుస్తకం ఒకటి, ఏడాది చదివిన.
కొన్ని తెల్సినయి. కొన్ని తెల్వకనే దాటిన.
ఆఖరి పేజీ ఒక్కటి ఆపి పెట్టుకున్న.

ఈ పొద్దు వాకిట్ల
మిగిలిన బన్నులు, గోధుమ పిండి కాలుతున్నయి.
మాడిన తియ్యటి వాసనల కూసోని చదివిన.
అన్న గోడకు ఒరిగి, కండ్లు మూసుకొని విన్నడు.
ముగించినంక పుస్తకంతోనే ఒక మాటనాలె,
నీ కాడికి మళ్లొస్తం అని.
అన్న. అట్ట దిక్కు చూడలేదు.

అవ్వ చెంబు తెచ్చింది.
వాని ముందుకొచ్చి ఆగింది.
నా చేతికిచ్చింది. నేను వానికిచ్చిన.
ఫోను అద్దం చూసినట్టు
నీళ్లను ఎండకు పెట్టి చూసి
గుటక గుటకగ, మొత్తం తాగిండు.

మూతి తుడుచుకొని,
"మూడో వరుసల ఒక అక్షరం మింగినవ్ రా తమ్మి,"
అన్నడు.