మైగ్రేషన్ సర్టిఫికెట్

వరంగల్ యూనివర్సిటోళ్లు పంపిన జాబితాల
ఏడో కాయితం అది.
టీసీ దొరికింది, మెమోలు దొరికినయి,
ఇదొక్కటే బాకి.

పాలమూరు న్యూటౌన్ల జిరాక్స్ మిషన్ ముందల
నా ఫైలు చంకల వెట్టుకొని నిలవడ్డ
కుర్మయ్య చిన్నాయిన
"మైగ్రేషనంటే ఏంది బిడ్డా?" అన్నడు.

"వలస" అన్న.
అన్నంక నాలిక కర్సుకున్న.

పదారేండ్లు బొంబాయి బస్సెక్కిన మనిషి.
బీడీ చెవి సందుల వెట్టి నవ్విండు.
"ఎంత కట్టినవ్ దీనికి?"
"మున్నూరు."
"మాకు మేస్త్రీలే ఎదురిచ్చి తోల్కవోయిండ్రు గద!"

రాత్రి అటుక మీదికెళ్లి
తన రెగ్జిన్ సంచి దించిండు.
నాలుగు మాట్ల సర్ఫుల నానవెట్టినా
కుట్ల సందుల సిమెంటు పోలే.
అండ్లనే సర్దిన:
మూడు జతలు, తాళంకప్ప, పల్లిపొడి డబ్బ,
ఆర్గానిక్ కెమిస్ట్రీ పాత నోట్సు,
మా కాలేజి ల్యాబుల యాసిడ్ వడి
చిల్లులు వడ్డ తెల్లకోటు.

రేపియ్యాల్సిన ఫారం మీద వేలు వెట్టి
ఒక్కొక్క గడి చదివిచ్చుకున్నడు.
ఎక్కడికెళ్లి, ఎక్కడికి, ఎందుకు.
ఆఖరుకు అడిగిండు,
"మల్లొచ్చే తారీకు రాసే గడి ఏది?"

తిప్పి చూసిన.
ఎనక అంత తెల్లగ ఉంది.