లక్కీ డ్రాలో తగిలిన సంద్రం

అరకాసు ముక్కుపుడక కొన్నందుకు
బంగారం కొట్టువోడు సీటీ ఇచ్చాడు.
సీటీ తీస్తే దుబాయి తగిలింది.
ఇద్దరికి, మూడు రాత్రులు.

మా ఆయన రానన్నాడు.
నడిసంద్రంలో నాలుగేసి రాత్రులు పడుకునే మనిషి
"ఇమానంలో కాళ్ళకింద నీళ్ళుండవు గదే" అన్నాడు.
తోడికోడలు ఎర్రయ్యమ్మని తీసుకెల్లాను.
ఆరు నెల్లుగా మాకు మాటల్లేవు,
బజారు గట్టు మీద బల్లెడు జాగా కోసం.
పాస్‌పోర్టు ఫోటో కాడే మొదటిసారి నవ్వింది:
"ఓలమ్మ, సచ్చిన సేపలాగున్నావే" అని.

జుమేరాలో బస్సు దింపింది.
గొడుగులొక వరస, కుర్సీలొక వరస,
ఒంటె మీద ఒకడు, గాల్లో తాడుకి యేలాడతా ఒకడు,
పిల్లడి మూతి తుడుస్తా బురఖాలో తల్లి,
ఆ పక్కనే గుడ్డపీలికలు కట్టి
ఎండకి ఆరుతున్న దొరసాని.
"ఉప్పుసేప ఇలాగే ఎండేస్తాం గదా,
తిప్పి కూడా ఎయ్యాలి" అని గొణిగింది ఎర్రయ్యమ్మ.
అన్నదో లేదో, దొరసాని బోర్లా తిరిగింది.
ఇసకలో కూలబడి నవ్వాం ఇద్దరం.

అప్పుడు సూసాను నీళ్ళ దిక్కు.
కెరటం లేదు.
మా పేటలో కెరటాలు లెక్కెట్టి
సందు సూసి తెప్ప తోస్తారు మగోళ్ళు.
ఇక్కడ నీళ్ళు ఒడ్డుని తాకి
సారీ సెప్పి ఎనక్కెలిపోతన్నాయి.
తెప్ప లేదు. వల లేదు. కాకి లేదు.
కుక్కయినా లేదు.
వాసనే లేకపోతే అది సంద్రమో
ఇంకోటో ఎలా తెలుస్తాది?
తెల్లారగట్ట ట్రాక్టరొచ్చి ఇసకని దువ్వింది,
నిన్న ఎవలూ రానట్టు.

రెండోనాడు గైడు జుబేరుని బతిమాలి
దేరా సేపల బజారుకెల్లాం.
ఏసీలో, మంచు పరుపుల మీద
మా కోనాలే, మా సందువలే,
ఒక్కోదాని మీద ఒక్కో లైటు.
మలయాళీ అబ్బాయి బొంతని సూపించి "హమ్మూర్" అన్నాడు.
పేరు మార్చుకుంటే రేటు పెరుగుతాది కాబోలు.
మొప్ప ఎత్తి సూసాను. నిన్నటిది.
తల అడ్డంగా ఊపాను.
ఆడు నా మొకం సూసాడు, నా సేతులు సూసాడు,
మంచు అడుగునించి ఇంకోటి తీసి నా ముందెట్టాడు.
మొప్ప మందారంలాగుంది.
హోటల్లో పొయ్యి ఏదీ, కొనడానికి?
అయినా బేరమాడకుండా వచ్చీగలనా?
ఏళ్ళతోనే పావుగంట ఆడి
నాలుగు దిరాలు దించాక "వద్దు" అన్నాను.
ఆడు రెండు సేతులూ ఎత్తి దండం పెట్టాడు,
టీ తెప్పించాడు.

ఆఖరు రాత్రి ఇంకో ఒడ్డు.
స్తంభాలకి పెద్ద పెద్ద లైట్లెట్టి
రాత్రంతా సంద్రం తెరిచే ఉంచారు, మందుల షాపులాగ.
పన్నెండయింది. నీళ్ళల్లో ఆడోళ్ళ నవ్వులు.

నాకు యాభైమూడేళ్ళు.
పుట్టింది సంద్రం ఒడ్డు, మనువాడింది సంద్రం ఒడ్డు.
గంపలు కడగడానికి దిగాను,
పసుపూ కుంకం ఎయ్యడానికి దిగాను,
తుపాను ఏళ, రాని పడవ కోసం దిగి నిలబడ్డాను.
మోకాలు దాటి ఏనాడూ ఎల్లలేదు.
ఊరికే దిగొచ్చని నాకెవలూ సెప్పలేదు.

ఎర్రయ్యమ్మే ముందు కుచ్చిళ్ళు ఎగ్గట్టింది.
మోకాలు. నడుం. రొమ్ము.
సీర బెలూన్‌లాగ పైకి తేలింది, కొట్టి కొట్టి దించాను.
ఫిలిప్పీను పిల్ల ఒకర్తి
నా నడుం కింద సెయ్యెట్టి, పైకి సూడమంది,
సెప్పకుండా సెయ్యి తీసీసింది.

మునగలేదు.

నిండు గంపని నేనెలా మోస్తానో
అలాగే మోసింది నన్ను ఆ నీరు,
మెడ కదలకుండా.
సెవుల్లో హోరు. పైన సుక్కల్లేవు, లైట్లే.
పక్కనెక్కడో ఎర్రయ్యమ్మ
ఆ బల్లెడు జాగా గురించే ఏదో అంటోంది,
నాకు సగం వినపడలేదు,
మిగతా సగం విననట్టే ఊరుకున్నాను.
కాపలావోడు ఈల ఊదేదాకా ఒడ్డెక్కలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన
వల సిక్కులు తీస్తా అడిగాడు:
"ఎలాగుందే ఆళ్ళ సంద్రం?"

"ఉప్పెక్కువ" అన్నాను.