మడతలో అంగుళం

రాయగడ రైలు గేటు దాటాక మూడో కొట్టు నాది.
బోర్డు మీద సగం తెలుగు, సగం ఒడియా,
రెంటిలోనూ నా పేరు తప్పే రాసేడు పెయింటరు.
పదకొండేళ్ళుగా నాగావళి యునైటెడ్‌కి
వీపుల మీద నంబర్లు కుట్టేది నేనే.

రెండో డివిజన్ అడుగున పడున్న రోజుల్లో
ఏడాదికి అభిమానుల చొక్కాలు నాలుగు.
ఒకటి, పేపరు మిల్లులో ఫిట్టరు చేసి దిగిపోయిన
పొట్నూరు దాలయ్యకి.
ఉత్తరం గోలు వెనక గొడుగేసుకుని నిలబడేవాడు.
గోలీలు మారేరు, ఆయన తిట్లు మారలేదు.
ఆరు–సున్నా ఓడిన సాయంత్రం కూడా
వల విప్పి చుట్ట చుట్టేదాకా కదల్లేదు.
ఇంటికెళ్తే మనవరాలు ఒడియాలో అడిగేది, "హారిల కి?"
ఆయన తెలుగులో చెప్పేవాడు, "వానొచ్చింది."
వాన లేని రోజున కూడా అదే జవాబు.

తర్వాత ఆ ఏడు.
ఎక్కడినుంచో పొడుగుకాళ్ళ ఫార్వర్డు దిగేడు,
వరసగా తొమ్మిది గెలుపులు.
నా కొట్టు ముందు చెప్పులు విడిచే చోటు లేదు.
"తన్నుకుంటుంటే చూడ్డానికి టిక్కెట్టేటి?" అన్న
బంగారం కొట్టు పాత్రో
తనకొకటి, బావమరిదికొకటి, డ్రైవరుకొకటి కుట్టించేడు.
వీపు మీద తన పేరే, మూడింటికీ.
నాలుగొందల చొక్కాలు. రాత్రి రెండయినా మిషను ఆగలేదు.
అబద్ధం ఎందుకు, ఆ నెలే
మా ఇంట్లోకి ఫ్రిజ్ వచ్చింది.

దాలయ్య వచ్చి ఆ పచ్చటి గుట్టని చూసేడు.
ఏమీ అన్లేదు.
తన చొక్కా కాలరు తిరగేసి కుట్టగలనా అని అడిగేడు.

సెమీఫైనల్ రోజు ఆయనకి టిక్కెట్టు దొరకలేదు.
గోడవతల కిళ్ళీ బడ్డీ దగ్గర కూచున్నాడు.
"పాత అరవైమందీ అయితే
కేకని బట్టి బంతెక్కడుందో చెప్పీవాణ్ణి.
వీళ్ళు త్రో-ఇన్‌కీ అరుస్తారు,
గోలుకీ అరుస్తారు,
డ్రోను ఎగిరితే ఇంకా ఎక్కువ అరుస్తారు.
గెలిచేమో ఓడేమో, జనం బయటికొచ్చేదాకా తెలీలేదు" అన్నాడు మర్నాడు.
ఓడేం. మూడు–సున్నా.

ఫార్వర్డు వేరే జట్టుకి వెళ్ళిపోయేడు.
కొత్త సీజన్లో ఏడు ఆటలు, ఏడు ఓటములు.
నేను కుట్టిన పచ్చ ఊరంతా కనిపిస్తోంది:
ఆటోల అద్దాలు తుడుస్తూ,
లారీ ఇంజను కింద నూనె తాగుతూ,
గుణుపూరు దారిలో ఒక చేలో
దిష్టిబొమ్మ వీపున తొమ్మిదో నంబరు.
కాకులు దాని భుజం మీదే వాలుతున్నాయి.

కోపం రావాలి. వచ్చింది కూడా.
ఫ్రిజ్‌లోంచి చల్లటి మజ్జిగ తీసుకు తాగి
కోప్పడ్డాను.
అయినా నేను మొదట ఆ గ్రౌండుకి వెళ్ళింది
వానకి తల దాచుకోడానికి.
పైకప్పు కింద చోటిచ్చినవాడు ఎవరి మనిషివని అడగలేదు.
ఆ రోజు మూడు–ఒకటి గెలిచేం.
ఓడుంటే మళ్ళీ వెళ్ళేవాణ్ణా?
పదకొండేళ్ళయింది, తేల్చుకోలేదు.

నిన్న తాడింగి బిశు వచ్చేడు.
నాలుగొందల్లో ఒకడు; అప్పుడు తొమ్మిదేళ్ళు,
పాత్రో కొడుకుని చూసి ఏడిస్తే వాళ్ళమ్మ కుట్టించింది.
చొక్కా బొడ్డు పైకి వచ్చేసింది.
"పొడుగు చెయ్యాల."
"ఎందుకురా, ఇంట్లో తొడుక్కోడానికా?"
"ఆదివారం ఆట ఉంది కదా."
నేనేదో వెర్రిప్రశ్న వేసినట్టు చూసేడు.
"దాలయ్య తాత గొడుగు నేనే పట్టుకోవాల."

పిల్లల చొక్కాలకి కింద మడతలో
ఒక అంగుళం ఎక్కువ వదులుతాను.
ఎవరికీ చెప్పను, డబ్బులూ తీసుకోను.
బ్లేడుతో దారం తెంపి విప్పేను.
పైనంతా ఉతుకులకి వెలిసిపోయింది గాని
లోపల ఆ అంగుళం మేర
ఎండ తగలని పచ్చ.